తుప్పు మీద నల్లచుక్కా? మందు కొట్టే ముందు ఒకసారి చూడండి

ఈసారి చెరకు తోటలోకి దిగినప్పుడు ఒక పని చేయండి. గడకు కింది వైపు ఉన్న పచ్చి ఆకుల్లో ఒకదాన్ని తుంచి, తిరగేసి, వెలుతురుకు పట్టుకోండి. ఆకు అడుగున ఇటుక పొడి చల్లినట్టు సన్నటి పొడుగాటి పొక్కులు కనిపిస్తే అది తుప్పు తెగులు. ఈ సంగతి మీకు కొత్త కాదు. తుప్పు పట్టిన తోటలో ఒక సాలు దాటి వస్తే చాలు, బనీను, చేతులు ఎర్రమట్టి రంగుకు వస్తాయి.

ఇక అసలు విషయం. ఆ పొక్కుల మీదనే, సరిగ్గా వాటి నడుమనే, గసగసాల కన్నా చాలా సన్నగా మెరిసే నల్లని చుక్కలు మీకు ఎప్పుడైనా కనిపించాయా? కనిపిస్తే ఏమనుకున్నారు?

మన దిక్కు పదిమందిని అడిగితే తొమ్మిది మంది "తుప్పు ముదిరి నల్లగైంది" అంటారు. నేనూ అట్లనే అన్నాను. అని ఊరుకోలేదు, పైసలు కూడా పెట్టాను.

మా ఇంటి చెరకు ఎకరం పది గుంటలు. అందులో సగం కార్శి తోట. కొన్నేళ్ల కిందట, వానలు వెనుకబట్టి పొద్దున పూట మంచు పడే రోజుల్లో మా తమ్ముడు ఒక ఆకు తెచ్చి చూపించాడు. "అన్నా, తుప్పు నల్లగ మారుతున్నది, ఏం జేద్దాం? నువ్వు పేపర్ల రాస్తవు గద" అన్నాడు. పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుసని మా ఊళ్లో ఒక నమ్మకం. తెలియదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆకును జేబులో పెట్టుకుని మందుల దుకాణానికి పోయాను. దుకాణాయన ఆకును చేతిలోకి కూడా తీసుకోలేదు. రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టి, "రెండూ కలిపి కొట్టండి, వారంల కడిగినట్టు పోతది" అన్నాడు. డబ్బాలు, పంపు కిరాయి, ఇద్దరు కూలీలు. అప్పటికే తోట మనిషెత్తు దాటింది. నిలువెత్తు చెరకులో వీపున పంపు వేసుకుని తిరగడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఆకు అంచులకు కూలీల చేతులు కోసుకుపోయాయి. వారం తర్వాత చూస్తే ఎండిన ఆకు ఎండినట్టే ఉంది. మొవ్వులో కొత్త ఆకులు మందు కొట్టక ముందే శుభ్రంగా ఉన్నాయి, తర్వాతా అట్లనే ఉన్నాయి. మందు చేసిన పని ఏమిటో నాకు అర్థం కాలేదు.

జేబులోని ఆకు ముక్క నోటు పుస్తకంలో ఉండిపోయింది. తర్వాత ఒకరోజు తెగుళ్ల శాస్త్రం చదువుకున్న ఒక పెద్దాయనను కలిసినప్పుడు అది చూపించాను. ఆయన సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసి, నవ్వి, "దొంగను పట్టుకున్న కుక్కనే కొట్టినరు మీరు" అన్నాడు. ఆ నల్లచుక్కలు తుప్పు కాదట. తుప్పును తిని బతికే ఇంకో బూజట.

బూజును తినే బూజు

తుప్పు తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. శిలీంధ్రం అంటే బూజు జాతి. చెరకు తుప్పుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పక్సీనియా మెలనోసెఫలా. ఇది బతికి ఉన్న పచ్చి ఆకు మీదనే పెరుగుతుంది. ఆకు లోపల దారాలు చాచి, రసం పీల్చి, ఆకు అడుగు పొరను చీల్చుకుని పొక్కుగా బయటపడుతుంది. ఆ పొక్కులో ఉండే ఎర్రపొడి అంతా దాని బీజాలే. ఒక్కో పొక్కులో అవి వేలల్లో ఉంటాయి. గాలి వీస్తే పక్క ఆకుకు, పక్క చేనుకు, పక్క ఊరికి కూడా పోతాయి.

ఇక ఆ తుప్పు పొక్కునే ఇల్లు చేసుకునే బూజు ఇంకొకటి ఉంది. పాత వ్యవసాయ పుస్తకాల్లో దీని పేరు డార్లూకా ఫైలమ్. ఇప్పుడు స్ఫీరెల్లోప్సిస్ ఫైలమ్ అంటున్నారు. నోరు తిరగకపోతే నష్టమేం లేదు, మనం 'తుప్పు నల్లచుక్క' అనుకుందాం. రెండు వందల ఏళ్ల కిందటే ఇటలీ దేశపు సిసిలీ ద్వీపంలో బివోనా బెర్నార్డి అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. తర్వాత అది లేని దేశం లేదన్నట్టు తేలింది. చలి దేశాల్లో ఉంది, మనలాంటి వేడి దేశాల్లో ఉంది. గడ్డి జాతి పైర్ల తుప్పు మీద, చెట్ల తుప్పు మీద కూడా కనిపిస్తుంది. చెరకు కూడా గడ్డి జాతే కదా.

ఇది పచ్చి ఆకును ముట్టదు. తుప్పు లేని ఆకు మీద దీనికి తిండి లేదు. తుప్పు పొక్కులోకి సన్నని దారాలు పంపి, బీజాలను చుట్టుకుని, లోపలికి చొరబడి, సారం తాగేస్తుంది. కడుపు నిండాక అదే పొక్కు మీద చిన్న చిన్న నల్లని కుండలు కడుతుంది. మన కంటికి కనిపించే చుక్కలు ఆ కుండలే. ఒక్కో కుండ అంగుళంలో వందో వంతు కూడా ఉండదు. కుండ లోపల రంగులేని బీజాలు జిగురులో మునిగి ఉంటాయి. తడి తగిలినప్పుడు కుండ మూతి నుంచి జిగురుతో సహా బయటికి వస్తాయి. వాన చినుకు పడి చిట్లినప్పుడు ఆ తుంపరతో పక్క పొక్కు మీదికి చేరతాయి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. తుప్పు గాలి మీద పోతుంది. దాన్ని తినేది నీటి చుక్క మీద పోతుంది. గాలికి ఊళ్లు దాటడం ఎంతసేపు? తుంపర మూరెడు దూరం పోతే గొప్ప. అందుకే తుప్పు ఎప్పుడూ ముందుంటుంది, ఇది వెనుక నుంచి వస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, దీన్ని ఎంతవరకు నమ్మవచ్చో మీకే తెలుస్తుంది.

బూజును బూజు తినడం ఏమిటని ఆశ్చర్యపోకండి. మీలో చాలామంది ఇప్పటికే అట్లాంటి బూజును డబ్బిచ్చి కొంటున్నారు. పసుపు దుంపకుళ్లు రాకుండా పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి మాగబెట్టి చల్లే ట్రైకోడెర్మా విరిడి అట్లాంటిదే. అది మట్టిలో ఉండే చెడ్డ బూజులను తింటుంది. మన నల్లచుక్క ఆకు మీద ఆ పని చేస్తుంది. తేడా ఏమిటంటే దీన్ని ఎవరూ సంచిలో కట్టి అమ్మడం లేదు. తనంతట తానే వస్తుంది.

ఎట్లా గుర్తుపట్టాలి?

ముందు ఒక భూతద్దం సంపాదించండి. నిజామాబాద్‌లో పిల్లల పుస్తకాల దుకాణాల్లో దొరికే చిన్న అద్దమైనా సరే, పది రెట్లు పెద్దదిగా చూపేదైతే ఇంకా మంచిది. ఎకరానికి కొట్టే ఒక్క మందు డబ్బా ధరలో చిన్న భాగం కూడా కాదు దాని ఖర్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల కళ్లు మనకన్నా బాగా పనిచేస్తాయి, వాళ్లకే ఇవ్వండి.

ఆకును తిరగేసి, పొక్కు ఉన్నచోట తెల్లటి గుడ్డతో మెల్లగా తుడవండి. తుప్పు అయితే ఎర్రగా, కాఫీ రంగులో పొడి అంటుకుంటుంది. నల్లచుక్కలు ఉన్న పొక్కును తుడిస్తే పొడి తక్కువ వస్తుంది, చుక్కలు మాత్రం కదలవు. అవి పొక్కులో పాతుకుని ఉంటాయి. గోటితో గీకితే తప్ప రావు. అద్దంలో చూస్తే ఒక్కో చుక్క గుండ్రంగా, ఆవగింజలా మెరుస్తూ విడివిడిగా కనిపిస్తుంది. నాలుగైదు కలిసి గుంపుగా కూడా ఉండవచ్చు. చుట్టూ ఉన్న తుప్పు రంగు తేలిపోయి, వెలిసిన గుడ్డలా ఉంటుంది.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన మాట. తుప్పుకు కూడా సొంతంగా నల్లబడే గుణం ఉంది. ఆకు ముదిరినప్పుడు తుప్పు తన ఎర్రబీజాలు మానేసి, ముదురు రంగులో ఇంకో రకం బీజాలు తయారు చేస్తుంది. అప్పుడు పొక్కు మొత్తం ముదురు గోధుమ, నలుపు కలిసిన రంగుకు తిరుగుతుంది. ఇది మిత్రుడు కాదు, తుప్పే. తేడా ఎక్కడంటే, అక్కడ గుండ్రటి గింజలు విడిగా ఉండవు. పొక్కు పొడుగునా మసి పూసినట్టు ఒకే మచ్చగా ఉంటుంది, మెరుపు ఉండదు. 'తుప్పు ముదిరి నల్లగైంది' అనే మన పెద్దల మాట ఈ సందర్భంలో నిజమే. అంటే ఆ తొమ్మిది మందిది పూర్తిగా తప్పు కాదు. రెండూ నలుపే, కానీ ఒకటి కాదు.

శాస్త్రవేత్తలే ఇట్లాంటిచోట పొరబడ్డారంటే మనమెంత? బూడిద తెగులును తినే ఆంపెలోమైసిస్ అనే ఇంకో బూజు ఉంది. దాన్ని 1852లోనే చూసి పేరు పెట్టారు. కానీ బూడిద తెగులు లోపల కనిపించే ఆ చిన్న సంచులు బూడిద తెగులు సొంత కాయలేనని యూరప్‌లో పెద్ద పెద్దవాళ్లు అనుకున్నారు. 1870లో ఆంటన్ డి బారీ అనే జర్మన్ శాస్త్రవేత్త, అవి వేరే బూజువని, బూడిద తెగులును తిని బతుకుతున్నాయని తేల్చాడు. సూక్ష్మదర్శిని ఉన్నవాళ్లకే అంత కాలం పట్టింది.

శత్రువును మిత్రుడనుకుంటే?

నేను చేసిన తప్పుకు పోయింది డబ్బే. దీనికి ఎదురు తప్పు చేస్తే తోటే పోతుంది. నల్లచుక్క అనగానే 'మంచి బూజు' అని సంతోషపడి ఇంటికి పోకండి.

చెరకు ఆకు నడుమ తెల్లగా, మందంగా ఉండే ఈనెను చూడండి. దాని మీద ఎర్రటి చార ఉందా? ఆ చార నడుమ ఎండుగడ్డి రంగుకు మారి, అందులో నల్లని చుక్కలు ఉన్నాయా? ఉంటే అది ఎర్రకుళ్లు బూజు కావచ్చు. దాని పేరు కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. చెరకు రైతును నిలువునా ముంచే తెగులు అదే. అద్దంలో చూస్తే ఈ చుక్కలు నున్నగా ఉండవు, ముళ్ల వంటి సన్నని నల్ల వెంట్రుకలు లేచి ఉంటాయి. అనుమానం వస్తే ఆ గడనే పొడుగునా చీల్చండి. లోపల ఎర్రగా ఉండి, ఆ ఎరుపులో అక్కడక్కడ అడ్డంగా తెల్లని మచ్చలుండి, పులిసిన కల్లు వాసన వస్తే ఇక ఆలోచించే పనిలేదు. ఆ దుబ్బును వేళ్లతో తవ్వి కాల్చేయాలి. ఆ మడి నీళ్లు పక్క మడిలోకి పారనీయొద్దు. ఆ తోట నుంచి ముచ్చెలు కోయొద్దు, కార్శి ఉంచొద్దు. ఎన్ని డబ్బాలు కొట్టినా గడ లోపలికి పోయిన ఎర్రకుళ్లు తగ్గదు.

కాబట్టి చుక్క రంగు కన్నా అది ఎక్కడ కూర్చుందో ముందు చూడాలి. తుప్పు పొక్కు నెత్తిన కూర్చుంటేనే అది మన నల్లచుక్క. ఆకు ఈనె మీద, చచ్చిన మచ్చ నడుమ, తుప్పు జాడే లేనిచోట ఉంటే అది మనది కాదు.

ముదురు ఆకుల మీద కోడిగుడ్డు ఆకారంలో మచ్చలు వచ్చి, అంచు ఎర్రగోధుమ రంగులో ఉండి, నడుమ ఎండి అందులో నల్లచుక్కలు తేలడం కూడా మీరు చూసి ఉంటారు. అది వేరే ఆకుమచ్చ. ఎక్కువగా పాత ఆకులకే వస్తుంది, దాని వల్ల పెద్ద నష్టం ఉండదు. ఆకు పైన నల్లటి మసి పొరలా అట్టకట్టి, తడిగుడ్డతో తుడిస్తే పోతే అది తేనెబంక మీద పెరిగే మసి బూజు. పై ఆకు అడుగున తెల్ల దూది పేను ఉందేమో వెతకండి.

పసుపు వేసే ఆర్మూర్, బాల్కొండ దిక్కు రైతులకు ఒక మాట. పసుపు ఆకు మీద బూడిద రంగు మచ్చ నడుమ వరుసలు వరుసలుగా నల్లచుక్కలు కనిపిస్తే దాన్ని మిత్రుడనుకోవద్దు. అది ఆకుమచ్చ తెగులు సొంత చుక్క. ఎర్రకుళ్లు బూజుకు దాయాది. పసుపులో నేను చెప్పిన తుప్పు తెగులే లేదు, ఇక దాన్ని తినేది ఎక్కడిది? ఎర్రజొన్న, మక్కజొన్న వేసేవాళ్లు మాత్రం చూడవచ్చు. వాటికి తుప్పు తెగులు ఉంది. జొన్న తుప్పు మీద ఈ నల్లచుక్క రావడం మామూలే.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఇంకొకటి ఉంది. పాత టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, ఆకు ముక్కను దాని మీద పెట్టి, మూత పెట్టి ఒక రాత్రి ఉంచండి. పొద్దున అద్దంతో చూస్తే మంచి నల్లచుక్క మూతి దగ్గర నీళ్లపాల వంటి జిగురు బొట్టు ఊరి ఉండవచ్చు. ఎర్రకుళ్లు జాతి చుక్క మీద లేత గులాబీ, నారింజ కలిసిన రంగు ముద్ద ఊరుతుంది. దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు. మిగతా గుర్తులతో కలిపి చూడండి.

ఖాయంగా తేల్చాలంటే సూక్ష్మదర్శిని కావాలి. ఆ పెద్దాయన నాకు చూపించాడు. ఒక్క చుక్కను సూదితో తీసి నీటిబొట్టులో చిదిపితే వందల బీజాలు బయటికి వచ్చాయి. రంగు లేదు. రెండు కొసలు సన్నగా, నడుమ ఒక అడ్డుగోడతో రెండు గదులు. రెండు కొసలకూ జిగురు టోపీలు. ఎర్రకుళ్లు బీజం అట్లా కాదు, ఒకే గది, కొడవలిలా వంగి ఉంటుంది. ఫాల్కేటమ్ అనే పేరుకు అర్థం కూడా కొడవలి వంటిదనే.

ఇంతకీ దీనితో లాభమెంత?

నల్లచుక్క వచ్చింది కాబట్టి తుప్పు పోతుందని నేను రాయను. అట్లా రాస్తే నాకూ ఆ దుకాణాయనకూ తేడా ఉండదు. తుప్పు వచ్చాకనే ఇది వస్తుంది. తుప్పు బాగా పెరిగాకనే ఇదీ పెరుగుతుంది. అప్పటికే ఆకుకు జరగాల్సిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది. ఇది చేసే మేలు ఏమిటంటే ఆ పొక్కుల్లో తర్వాతి విడత బీజాలను తగ్గించడం. తడి ఎక్కువగా ఉన్న రోజుల్లో బాగా పనిచేస్తుంది, పొడి గాలికి వెనుకబడుతుంది. దీన్ని మందుగా మార్చవచ్చా అని ఎన్నో దేశాల్లో ఎన్నో పైర్ల మీద ప్రయత్నాలు జరిగాయి. చెరకు తుప్పుకు నమ్మదగిన మందుగా మాత్రం తయారు కాలేదు.

తుప్పు తడాఖా ఏమిటో క్యూబా దేశపు చెరకు రైతులను అడగాలి. అక్కడ బి 4362 అనే రకాన్ని బాగా పండుతుందని విస్తారంగా వేశారు. 1978లో కరీబియన్ దీవుల్లోకి తుప్పు వచ్చింది. ఆ రకం తట్టుకోలేకపోయింది. 1979, 80 సంవత్సరాల్లో క్యూబా పంచదార దిగుబడి దారుణంగా పడిపోయింది. చివరికి వాళ్లు ఆ రకాన్నే తీసేసి తుప్పును తట్టుకునే రకాలు వేసుకున్నారు. నల్లచుక్క ఉన్నా, మందులు ఉన్నా, చెరకు తుప్పుకు అసలు జవాబు రకమే. చుట్టూ అందరూ ఒకే రకం వేయడం ఎంత ప్రమాదమో కూడా అందులోనే తెలుస్తుంది.

మరి దీన్ని గుర్తుపట్టడం ఎందుకు? మన జేబు కోసం. తోట పెద్దదై, మొవ్వులో నాలుగైదు ఆకులు శుభ్రంగా ఉండి, తుప్పు కింది ఆకులకే ఉండి, దాని మీద నల్లచుక్కలు కూడా వచ్చి ఉంటే, అప్పుడు కొట్టే మందుకు ఫలం దాదాపు ఉండదు. పైగా చాలా బూజు మందులకు తుప్పు బూజూ ఒకటే, దాన్ని తినే బూజూ ఒకటే. అదే తోట లేతదై, కొత్త ఆకుల మీద కూడా తుప్పు ఎక్కుతుంటే నల్లచుక్కల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఆ రోజే ఆకు తీసుకుని పోయి అడగండి.

ఎవరిని అడగాలన్నదే ఇప్పుడు మన బోధన్ దిక్కు కష్టం. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు మడులు చాలావరకు వరి మడులైపోయాయి. మిగిలిన కొద్దిమంది దూరపు ఫ్యాక్టరీలకు లారీ కిరాయిలు లెక్కేసుకుంటూ పండిస్తున్నారు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఫీల్డుమన్ సైకిలేసుకుని వచ్చి తోట చూసేవాడు, మంచో చెడో ఒక మాట చెప్పేవాడు. ఇప్పుడు అర ఎకరం, ఎకరం చెరకు ఉన్నవాడికి సలహా చెప్పేది మందుల దుకాణమే. చెప్పేవాడే అమ్మేవాడైతే ఏం చెబుతాడో మీకు తెలుసు. కౌలుకు తీసుకుని వేసినవాళ్ల సంగతి ఇంకా కష్టం, ఒక్క తప్పు పిచికారీకి పోయిన డబ్బు గడల తూకంలో ఎక్కడా తిరిగి రాదు.

మిగతా పైర్లలో

మనకు దగ్గరలోనే, పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు వేరుశనగ మీద ఇట్లాంటి విషయమే చూసి 1990లో ప్రచురించారు. వేరుశనగ తుప్పును, తిక్క ఆకుమచ్చను వర్టిసీలియం లెకానీ అనే బూజు తింటున్నదని. పేరు విన్నట్టుందా? పేనుబంకకు, పిండినల్లికి కొట్టమని దుకాణాల్లో అమ్మే పొడి మీద ఆ పేరే ఉంటుంది. పురుగును తినే బూజు తెగులు బూజును కూడా తింటుందన్నమాట. ఇది నల్లచుక్కలా ఉండదు, తుప్పు పొక్కు మీద తెల్లని నూగులా పెరుగుతుంది. కాఫీ తుప్పు మీద కూడా ఇదే తెల్ల నూగు వస్తుంది. 1869లో సింహళంలో మొదలై అక్కడి కాఫీ తోటలను తుడిచిపెట్టి, వాళ్లను తేయాకు వైపు మళ్లించిన తుప్పు అదే. అరకు కాఫీ రైతులకూ దాని బాధ తెలుసు.

ఇక బెండ, పెసర, మినుము, దోస జాతి మీద వచ్చే బూడిద తెగులును తినే ఆంపెలోమైసిస్ గురించి పైన చెప్పాను. తెల్లగా ఉండాల్సిన బూడిద మాసిపోయి, బూడిద గోధుమ కలిసిన రంగుకు దిగిపోతే అది అక్కడ పనిచేస్తున్నదేమో అనుకోవచ్చు. దీన్ని మాత్రం మన దేశంలో పొడి మందుగా అమ్ముతున్నారు. కొనేటప్పుడు తయారైన తేదీ, గడువు తేదీ చూడండి. బతికున్న బూజు అది. ఎండలో పెట్టిన డబ్బాలో చచ్చి ఉంటే మీరు కొనేది ఉత్త పిండే.

ఆకు ఎట్లా తీసుకుపోవాలి

రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. కృషి విజ్ఞాన కేంద్రం కూడా అక్కడే. బోధన్, వర్ని, కోటగిరి రైతులకు గంట ప్రయాణం కూడా కాదు. మీ మండల వ్యవసాయ అధికారికి చూపించినా సరే. కానీ మన వాళ్లు ఆకును తీసుకుపోయే పద్ధతి చూస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. తడి ఆకును పాలిథిన్ సంచిలో కుక్కి, మూతి ముడేసి, మోటార్ సైకిల్ డిక్కీలో పడేసి మూడో రోజు తీస్తారు. అప్పటికి అది కుళ్లి, దాని మీద మన ఇంటి రొట్టె బూజు పెరిగి ఉంటుంది. ఏది తెగులో, ఏది మిత్రుడో, ఏది డిక్కీలో పుట్టిందో ఎవరు చెప్పగలరు?

మంచు ఆరాక, పది గంటల తర్వాత తుంచండి. తోటలో ఒక మూల నుంచే కాక నాలుగైదు చోట్ల నుంచి, నల్లచుక్క ఉన్న ఆకులు రెండు, ఒట్టి తుప్పు ఉన్నవి రెండు, శుభ్రంగా ఉన్నది ఒకటి తీసుకోండి. జానెడు ముక్కలు చేసి పాత పేపరు మడతల నడుమ పెట్టి, పైన ఒక పుస్తకం బరువు పెట్టండి. మర్నాటికి మడత మార్చండి. పేపరు మీదనే రకం పేరు, నాటిన నెల, మొక్క తోటో కార్శో, ఇప్పటికే ఏ మందు కొట్టారో పెన్నుతో రాయండి. కొట్టిన మందు దాచిపెట్టకండి. నేను ఆ రోజు సిగ్గుపడి దాచిపెడితే ఆ పెద్దాయన రెండుసార్లు అడిగి కక్కించాడు.

ఫోన్‌లో ఫొటో పంపేవాళ్లు భూతద్దాన్ని కెమెరా మీద ఆనించి దగ్గరగా తీయండి. పక్కన ఒక ఆవగింజ పెడితే చుక్క సైజు చూసేవాళ్లకు తెలుస్తుంది. ఆకు పై వైపు ఒకటి, అడుగు వైపు ఒకటి, ఈనె మీద ఒకటి. ఈనె ఫొటో మరిచిపోవద్దు.